నాలుగో గొంతు

ఆ చలికాలమంతా నేను తాళాలు బాగుచేసే ఒక పెద్దాయన మీద అసూయపడ్డాను. ఇప్పుడు రాస్తుంటే నవ్వులాటలా ఉంది. అప్పుడు మాత్రం అన్నం సయించేది కాదు.

మేము ఆ దేశం వెళ్ళి అప్పటికి ఐదు నెలలు. మా ఆయన ఉద్యోగం కోసం వెళ్ళాం. పెద్ద పెద్ద భవనాల్లో నీళ్ళ పైపులు ఎక్కడ మొదలై ఎక్కడ తేలాలో ఆయన గీస్తారు. ఇంట్లోనే, కిటికీ పక్క బల్ల మీద, కంప్యూటర్లో. నేను అంతకుముందు పదకొండేళ్ళు ఒక ఆసుపత్రిలో స్పీచ్ థెరపిస్టుని. పక్షవాతం వచ్చి మాట పడిపోయినవాళ్ళకీ, నత్తి ఉన్నవాళ్ళకీ మాట తెప్పించడం నా పని. ఆ పని అక్కడ చెయ్యాలంటే లైసెన్సు కావాలన్నారు. నా సర్టిఫికెట్లు ఏ ఆఫీసులో, ఎవరి బల్ల మీద ఉన్నాయో తెలియదు. అవి కదిలేదాకా ఖాళీగా కూర్చోలేక, పెద్దవాళ్ళకి ఇంగ్లీషు నేర్పే సెంటర్లో చేరాను.

మా ఆయన మాట్లాడరు. పోట్లాట ఉండదు, అలక ఉండదు. అడిగినదానికి జవాబు వస్తుంది. “పనెలా ఉంది?” అంటే “మామూలే.” “కూర బాగుందా?” అంటే “ఊఁ.” మౌనాల్లో ఎన్ని రకాలున్నాయో నాకు వృత్తి నేర్పింది. మాట దొరక్క ఆగిపోయినవాడి పెదవులు ఒకలా కదులుతాయి, మాట ఉండీ బయటపెట్టదలుచుకోనివాడి పెదవులు ఇంకోలా బిగుసుకుంటాయి. మా ఆయనది ఏ రకమో పెళ్ళయిన తొమ్మిదేళ్ళలో తేల్చుకోలేకపోయాను. ఇంట్లో మనిషిని పేషెంటులా చూడకూడదని నాకు నేనే చెప్పుకుని ఊరుకున్నాను.

సెంటరంటే మూతపడిన ఫర్నిచర్ షాపు పైన రెండు గదులు, ఒక స్టోర్ రూమ్. కింది తరగతి నాది. పద్నాలుగు మంది. పై తరగతికి వేరే టీచరు. రెండింటినీ నడిపేది మా పెద్ద మేడం. తెలుగావిడే. ముప్పై ఏళ్ళ కిందట అక్కడికి వెళ్ళి, అక్కడే స్కూల్లో పనిచేసి రిటైరయ్యారు. స్టోర్ రూమ్ లో విరిగిన కుర్చీల మధ్య ఒక ఫోను పెట్టించారు. అది ఆవిడ కనిపెట్టిన పద్ధతి.

“ఎదురుగా మనిషుంటే చేతులూపి, కళ్ళు తిప్పి ఎలాగో నెట్టుకొచ్చేస్తారమ్మాయ్,” అనేవారు. “ఫోన్లో ఆ వేషాలు చెల్లవు. డాక్టరు దగ్గరికి వెళ్ళాలన్నా, కరెంటు పోయిందని చెప్పాలన్నా ఇక్కడ బతుకంతా ఫోను మీదే.”

అందుకని మా తరగతిలో ప్రతివాళ్ళూ వారానికోసారి స్టోర్ రూమ్ లోకి వెళ్ళి, తలుపేసుకుని, ముక్కూ మొహం తెలియని ఒక గొంతుకి ఫోన్ చెయ్యాలి. అవతలివాళ్ళు ఒకసారి క్లినిక్ గుమస్తా, ఒకసారి ఇంటి ఓనరు. పది నిమిషాల్లో మూడు విషయాలు రాబట్టి చీటీ మీద రాసుకుని బయటికి రావాలి. ఆ గొంతులకి పేర్లుండవు. అట్టముక్క మీద ఒకటో గొంతు, రెండో గొంతు అని నంబర్లు మాత్రం రాసి ఉంటాయి. ఎవరిది ఏ గొంతో విద్యార్థులకి చెప్పకూడదు. చెబితే మొహమాటాలు మొదలవుతాయని ఆవిడ భయం. ఇంకో నియమం, ఇంగ్లీషు తప్ప ఇంకో భాష వినపడకూడదు.

నాలుగో గొంతు ఇచ్చే అమ్మాయి కాన్పుకి వెళ్ళింది. పెద్ద మేడం నన్ను పిలిచారు.

“మీ ఆయన పగలంతా ఇంట్లోనే ఉంటాడన్నావుగా. ఆయనకి నోరుందా?”

“ఉంది మేడం. వాడరంతే.”

“అయితే కొత్తదాని కిందే లెక్క. మంగళవారం రెండు నుంచి మనకిప్పించు.”

ఒప్పుకోరనుకున్నాను. “సరే” అన్నారు. “ఏం మాట్లాడాలో తెలుసా?” అన్నాను. “కాగితం ఇస్తారుగా,” అన్నారు.

పెద్దాయన మా తరగతిలో చేరింది ఆ వారమే. అరవై రెండేళ్ళు. కూతురి దగ్గరికి వచ్చారు. అల్లుడికి చిన్న తాళాల షాపుంది. తరగతిలో తెలుగు మాట్లాడేవాళ్ళం ఆయనా నేనూ ఇద్దరమే. మెట్ల మీద మాత్రమే ఆ మాటలు. ఆ దేశంలో తాళం ముట్టుకోవాలంటే పర్మిట్ కావాలట. ఇష్టమొచ్చినవాళ్ళ ఇల్లు తెరిచేస్తామేమోనని కాబోలు. ఆ పర్మిట్ కి ఇంటర్వ్యూ ఫోన్లోనే చేస్తారు. ఫోన్ చేసినవాడు ఇంటివాడో దొంగో ప్రశ్నలడిగి తేల్చుకోవడం వచ్చా రాదా అని పరీక్ష. ఆయన తేదీ మా పది వారాల కోర్సులో ఆఖరి వారంలో పడింది. తప్పితే మళ్ళీ ఆర్నెల్ల దాకా దరఖాస్తు పెట్టుకోనివ్వరు. ఆ ఆర్నెల్లూ అల్లుడి షాపులో దుమ్ము దులుపుకోవాల్సిందే.

“నలభై ఏళ్ళు తాళాలు తీశానమ్మా టీచరమ్మా,” అన్నారు మొదటిరోజు మెట్ల మీద. “ఇనప్పెట్టెలు తీశాను. ఒకసారి పోలీసులే వచ్చి బతిమాలుకుని తీసుకెళ్ళారు. ఈ వయసులో అల్లుడి షాపులో చీపురు పట్టుకోమంటే ఎట్లా?”

మొదటి మంగళవారం స్టోర్ రూమ్ లోంచి చెమటలు కక్కుకుంటూ వచ్చారు. చీటీ తెల్లగా ఉంది.

“ఏమైందండీ?”

“ఏం కాలేదమ్మా. నేను హలో అన్నా. ఆయన హలో అన్నాడు. తర్వాత నాకు మాట రాలా. ఆయనా తొందరపెట్టలా. ఇద్దరం ఊపిరి పీల్చుకుంటూ కూర్చున్నాం. పది నిమిషాలైపోయింది.”

ఇంటికొచ్చి ఆ సంగతి మా ఆయనకి నవ్వుతూ చెప్పాను. ఆయన నవ్వలేదు. “ఆయన మాట వెతుక్కుంటున్నాడు. మధ్యలో దూరి మనమెందుకు అందించాలి?” అన్నారు. ఆ వారమంతటికీ ఇంట్లో ఆయన నోటి నుంచి వచ్చిన పెద్ద వాక్యం అదే. నా వృత్తి మొత్తం ఆ ఒక్క వాక్యంలో ఉంది. నాకది ఎవరూ నేర్పకుండా రాలేదు.

గొంతులు ఇచ్చేవాళ్ళు వారానికోసారి ఒక కాగితం పంపాలి. ఎవరితో ఎన్ని నిమిషాలు, ఎలా మాట్లాడారు, అంతే. ఆ కాగితాలు చూసి మార్కులు వేసే పని నాది. నాలుగో గొంతు కాగితంలో మిగతా వాళ్ళందరికీ తొమ్మిది, పది, పదకొండు నిమిషాలు. పెద్దాయనకి రెండో వారం పద్నాలుగు. మూడో వారం ఇరవై ఆరు. నాలుగో వారం నలభై ఒకటి. పక్కన మా ఆయన చేతిరాతతో, “బాగా వింటారు.”

నలభై ఒక్క నిమిషాలు. ఆ సాయంత్రం అన్నం ముందు కూర్చుని, మేమిద్దరం చివరిసారి నలభై ఒక్క నిమిషాలు మాట్లాడుకున్నది ఎప్పుడో గుర్తుతెచ్చుకోబోయాను. ఇల్లు ఖాళీ చేసిన రోజు. అదీ ఏ అట్టపెట్టెలో ఏముందో.

మర్నాడు పెద్దాయన్ని మెట్ల మీద ఆపాను.

“నాలుగో గొంతుతో అంతసేపు ఏం మాట్లాడతారండీ?”

“ఏదో అమ్మా. కష్టం సుఖం.”

“క్లినిక్ అపాయింట్‌మెంట్ కదా అడగాల్సింది?”

“అది రెండు నిమిషాల పని. తర్వాత ఆయన చెప్తాడు, నేను వింటా. నేను చెప్తా, ఆయన వింటాడు. నాకొచ్చినవి నాలుగు మాటలు. పాపం నా కోసం ఆయన కూడా ఆ నాలుగింటితోనే సర్దుకుంటాడు.” తల దువ్వుకుంటూ ఇంకో మాట కలిపారు. “మనవాడేనమ్మా, ఆ యాస నాకు తెలీదా. అయినా రూలు రూలే. మంచివాడు. మహా మాటకారి.”

మాటకారి! రెయిలింగు పట్టుకుని నిలబడ్డాను. ఇంకొకళ్ళ గురించి చెబుతున్నట్టుంది. మా ఆయనకి బయట ఇంకో సంసారం ఉందని చెబితే ఎలా ఉంటుందో అలా ఉంది. ఇంకా నయం, అలాంటిదైతే నలుగురికీ చెప్పుకుని ఏడవడానికైనా ఉండేది. ఒక ముసలాయనతో మా ఆయన మాట్లాడుతున్నాడని ఎవరి దగ్గర ఏడుస్తాం?

ఇంట్లో రకరకాలుగా ప్రయత్నించాను. ఆసుపత్రిలో మేము చేసే పని ఒకటుంది. ప్రశ్న అడిగి, పదిహేను సెకన్లు కదలకుండా, రెప్ప వెయ్యకుండా ఎదురుచూడాలి. భోజనాల దగ్గర ఆయన మీద అది ప్రయోగించాను. పన్నెండో సెకనులో ఆయన తలెత్తి, “ఏంటలా చూస్తున్నావు? మెతుకంటుకుందా?” అని గడ్డం తుడుచుకున్నారు.

ఇంకోరోజు, “మనం ఇంట్లో ఇంగ్లీషులో మాట్లాడుకుందామా? ప్రాక్టీసుకి,” అన్నాను.

“టీచరమ్మవి. నీకెందుకు ప్రాక్టీసు?” అని నీళ్ళు తాగి లేచిపోయారు.

ఆరో వారం మంగళవారం పొద్దున సెంటర్లో హీటర్ చెడిపోయింది. పిల్లలైతే గంతులేసేవాళ్ళు. మావాళ్ళు కోట్లు వేసుకుని కాసేపు కూర్చుని చూశారు. వేళ్ళు కొంకర్లు పోయి పెన్ను పట్టలేకపోతుంటే, ఒంటిగంటన్నరకి పెద్ద మేడం అందర్నీ ఇళ్ళకి పంపేశారు. బయట సన్నగా వాన. నేను బస్సెక్కి రెండున్నరకి ఇల్లు చేరాను.

తలుపు తీయగానే గొంతు వినపడింది. రేడియో అనుకున్నాను. నిదానంగా, మాటకీ మాటకీ మధ్య జాగా వదులుతూ ఎవరో ఇంగ్లీషులో మాట్లాడుతున్నారు. ఆ గొంతు మా ఆయనది. నడవలో, కోట్లు తగిలించే కొక్కేల పక్కన, తడి బూట్లతో నిలబడిపోయాను. ఆయన కుర్చీ కిటికీ వైపు తిరిగి ఉంది. నాకు వీపు కనిపిస్తోంది.

“ఈ పని నాకు ఇష్టం లేదు,” అంటున్నారు. “పొద్దున్నే ఈ బల్ల చూస్తే కడుపులో బరువు.”

అవతల పెద్దాయనే అయి ఉండాలి. ఏమన్నారో, మా ఆయన నవ్వారు. పొట్టి నవ్వు. నేను దాన్ని మరిచిపోయి ఎన్నాళ్ళయిందో.

“లేదు, లేదు. మా ఆవిడకి చెప్పలేదు. ఆమె తన పని వదిలి వచ్చింది. నా కోసం. పెద్ద పని. మంచి పని. ఇప్పుడు నేను తప్పు చేశాను అంటే...”

ఆగారు. అలవాటు చొప్పున నేను సెకన్లు లెక్కపెట్టాను. పదకొండు దాకా వచ్చింది. ఫోనులో ఆ పదకొండు సెకన్లూ పెద్దాయన కూడా ఆగే ఉంటారు.

“కోపం రాదు ఆమెకి,” అన్నారు మా ఆయన. “మంచిగా ఉంటుంది. అదింకా కష్టం.”

అవన్నీ ఇంగ్లీషు మాటలు. మూడో క్లాసు పిల్లవాడికి వచ్చే మాటలు. నా చెవిలో మాత్రం ఇవాళ్టికీ తెలుగులోనే ఉన్నాయి.

అప్పుడు నాకు ఏమనిపించి ఉండాలో నాకు తెలుసు. తొమ్మిదేళ్ళుగా పక్కన పడుకునే మనిషి పొద్దున్నే కడుపులో బరువుతో లేస్తున్నాడని తెలిస్తే గుండె కరగాలి. నేను వదులుకుని వచ్చిన పనికి ఆయన లోపల్లోపల లెక్క చెప్పుకుంటున్నాడని తెలిస్తే వెళ్ళి భుజం మీద చెయ్యి వేయాలి. నాలో ఆ రెండూ జరగలేదు. ‘పెద్దాయనకి చెప్పారు. నాకు చెప్పలేదు.’ అదొక్కటే పంటికింద రాయిలా తగులుతూ ఉంది. దుఃఖం కూడా ఎవరి దగ్గర పెట్టుకోవాలో ఎంచుకుంటారు మనుషులు. నన్ను ఎంచుకోలేదు.

చప్పుడు కాకుండా తలుపు వేసి బయటికి వచ్చాను. గంటన్నర వానలో వీధులన్నీ తిరిగి, రోజూలాగే నాలుగింటికి ఇంటికి వచ్చాను. మా ఆయన బల్ల దగ్గర్నుంచి లేచి వచ్చి తువ్వాలు అందించారు.

“ఇవాళ క్లాసెలా జరిగింది?” అన్నారు.

ఎప్పుడూ అడగని మనిషి. నేను తల తుడుచుకుంటూ, “మామూలే,” అన్నాను.

మర్నాడు పెద్ద మేడం దగ్గరికి వెళ్ళి, తాళాలాయన్ని పై తరగతికి పంపిద్దామన్నాను. పై తరగతిలో ఉత్తరాలు రాయడం, నోటీసులు చదవడం, ఫారాలు నింపడం. ఫోన్ గది ఉండదు.

ఆవిడ కళ్ళద్దాల మీంచి చూశారు. “అప్పుడేనా? నిన్నగాక మొన్నేగా హలో దగ్గర చెమట్లు పట్టింది.”

“చాలా వేగంగా నేర్చుకుంటున్నారు మేడం.”

“ఇంటర్వ్యూ నెలలోపే ఉందిగా ఆయనకి?”

“అందుకే మేడం.”

ఆ ‘అందుకే’ నా నోటి నుంచి ఎంత తేలిగ్గా వచ్చిందో నేనే గమనించాను. ఆవిడ సంతకం పెట్టారు.

పెద్దాయన ఆనందం చూడాలి. తరగతిలో అందరి దగ్గరికీ వెళ్ళి చేతులు కలిపారు. వాళ్ళ అమ్మాయి సెంటరుకి ఫోన్ చేసి, “మేడం, మా నాన్న ఇంట్లో డాన్సు చెయ్యడం ఒక్కటే తక్కువ. మా ఆయన ముందు కాలరెగరేస్తున్నాడు. మీ రుణం తీర్చుకోలేం,” అంది. “అయ్యో, అదేం మాటండీ,” అన్నాను నేను.

పుస్తకాలు సర్దుకుని పక్క గదికి వెళ్ళబోతూ పెద్దాయన ఆగారు.

“ఫోన్ గది ఇంక ఉండదా అమ్మా నాకు?”

“పై క్లాసువాళ్ళకి ఉండదండీ.”

“ఒక్కసారి ఆయనకి చెప్పొచ్చా? ఇట్లా ప్యాసయ్యి పైకి వెళ్ళానని. లేకపోతే ఏమనుకుంటాడో.”

“నేను చెప్తాను లెండి.”

“మర్చిపోకు... మర్చిపోకండమ్మా.”

నేను మరిచిపోలేదు. చెప్పలేదంతే.

తర్వాతి మంగళవారం నేను ఇంటికి వచ్చేసరికి మా ఆయన ఫోన్ పక్కన కాగితం, మూత తీసిన పెన్ను ఉన్నాయి. కాగితం మీద పెద్దాయన పేరు ఒక్కటి రాసి ఉంది.

“మా తాళాలాయన ఇవాళ చెయ్యలేదేంటి?” అన్నారు.

“ఒంట్లో బాగోలేదేమో.”

ఆ పై వారం మళ్ళీ అడిగారు. “ఇంకా తగ్గలేదా ఆయనకి?” నేను పొయ్యి దగ్గర అటు తిరిగి ఉండి, “కనుక్కుంటాను,” అన్నాను. మూడో వారమూ అడిగారు. అడిగిన ప్రతిసారీ నాకు రెండు రకాలుగా మండేది. అబద్ధం చెబుతున్నందుకు కొంత. ఆయన అడుగుతున్నందుకు ఎక్కువ. నేను జలుబుతో వారం పడుకుంటే, “మాత్ర వేసుకున్నావా?” అని ఒక్కసారి అడిగి ఊరుకున్న మనిషి.

పక్క గది తలుపుకి అద్దం ఉంది. నేను నడవలో వెళ్తున్నప్పుడల్లా పెద్దాయన కనిపించేవారు. చివరి వరస. ముందు కరెంటు బిల్లు నోటీసు. దాని మీద వేలు పెట్టి, పెదవులు కదుపుతూ. వేలు చాలాసేపు అక్కడే ఉండేది. ఒకరోజు తలెత్తి నన్ను చూసి, అంతా బాగానే ఉందన్నట్టు చెయ్యి ఊపారు.

ఇంటర్వ్యూ మర్నాడు ఆయన మెట్ల కింద నిలబడి ఉన్నారు. చేతిలో సెంటరు వాళ్ళ పుస్తకాలు, అట్టలు వేసినవి.

“ఏమైందండీ?”

“ఏముందమ్మా. ఇంటర్వ్యూ ఆవిడ అడిగింది. మొదటి ప్రశ్న తెలిసింది. చెబుదామనుకునేలోపు రెండోది అడిగేసింది. ఇంక నోరు పెగల్లా. ఫోన్ పట్టుకునే నెల కావస్తోందిగా. ఆవిడ ఆగలేదు, పాపం ఆవిడకేం తెలుసు.” పుస్తకాలు నా చేతిలో పెట్టారు. “ఆర్నెల్లన్నారు. మా అల్లుడు ముందే అన్నాడు, ఈ వయసులో బుర్రకెక్కదు మావయ్యా అని. కుర్రాడైనా నిజమే చెప్పాడు. మీరు చేయాల్సింది చేశారమ్మా. మట్టిబుర్రకి మీరేం చేస్తారు?”

నేను ఏదో ఒకటి అని ఉంటాను. ఏమన్నానో గుర్తులేదు. ఆయన గేటు దాటి వెళ్ళేదాకా అట్టల మీద ఆయన రాసుకున్న పేరు చూస్తూ నిలబడ్డాను.

ఆదివారం పొద్దున మంచం మీద ఉతికిన బట్టలు పోసుకుని ఇద్దరం మడతపెడుతున్నాం. మా ఆయన చొక్కా బొత్తాం పెడుతూ అడిగారు.

“తాళాలాయన క్లాసుకి ఇంక రారా?”

“పై క్లాసుకి పంపాను.”

“ఎప్పుడు?”

“నెల కావస్తోంది.”

ఆయన బొత్తాం పెట్టడం ఆపారు. “హీటర్ చెడిపోయిన వారమా?”

హీటర్ సంగతి నేను ఆయనకి ఎప్పుడూ చెప్పలేదు. మొహం చూశాను.

“ఆ రోజు పెద్దాయనే చెప్పారు ఫోన్లో,” అన్నారు. “క్లాసు లేదు, అందరూ వెళ్ళిపోయారు, నేను మాత్రం మన టైమని ఆగానని. మేడం కోటు కప్పుకుని కూర్చున్నానని. ఫోన్ పెట్టేసి లేచి చూస్తే తలుపు దగ్గర నీళ్ళు. నువ్వేమో నాలుగింటికి వచ్చావు.”

“అందుకేనా క్లాసెలా జరిగిందని అడిగారు?”

“ఊఁ. చెప్తావేమో, నేనూ చెబుదాం అనుకున్నాను. మామూలే అన్నావు.” చొక్కా ఒళ్ళో పెట్టుకున్నారు. “జాలిపడి ఊరుకున్నావనుకున్నాను. నువ్వు మంచిగా ఉంటున్నావని.”

“జాలి కాదు,” అన్నాను.

“మరి?”

“కుళ్ళు.”

అర్థంకానట్టు చూశారు. “ఎవరి మీద?”

“తాళాలాయన మీద.”

ఆయన పెదవి చివర కదిలింది. నవ్వబోతున్నారని తెలిసింది. అంతలో ఏదో గుర్తొచ్చి ఆ నవ్వు అక్కడే ఆగిపోయింది. “ఆయన ఇంటర్వ్యూ ఎప్పుడు?”

“అయిపోయింది. తప్పింది.”

మిగతాది కూడా చెప్పేశాను. ‘నేను చెప్తాను లెండి’ అన్నదీ, చెప్పనిదీ, వయసు వల్ల బుర్రకెక్కలేదని ఆయన అనుకుంటున్నదీ. మా ఆయన లేచి కిటికీ దగ్గరికి వెళ్ళి నిలబడ్డారు. ఎప్పటిలాగే ఇంక మాట ఉండదనుకున్నాను. దువ్వెనో, తువ్వాలో వెతుక్కుంటూ పక్క గదిలోకి వెళ్ళిపోతారనుకున్నాను.

“నాకు కోపం వస్తోంది,” అన్నారు కిటికీ వైపే చూస్తూ. “చాలా కోపం వస్తోంది నీ మీద.”

తన లోపల ఏముందో ఆయన నాకు తెలుగులో చెప్పడం నాకు తెలిసి అదే మొదలు. నేను తలదించుకునే ఉన్నాను. తలదించుకునే, సిగ్గులేకుండా, ఆ మాటని అందుకుని దాచుకున్నాను.

“వెళ్ళి ఆయనకి చెప్పు,” అన్నారు. “బుర్రకెక్కక పోలేదని, నీ వల్ల పోయిందని. ఇవాళే వెళ్ళు.”

తాళాల షాపు రెండు బస్సుల దూరం. గోడ నిండా పళ్ళు కొయ్యని కొత్త తాళంచెవులు వరసలుగా వేలాడుతున్నాయి. అల్లుడు లోపల మిషను మీద ఉన్నాడు. పెద్దాయన గుడ్డతో కౌంటరు అద్దం తుడుస్తున్నారు. నన్ను చూడగానే గుడ్డని వీపు వెనక్కి దాచి, “రండి రండి, టీచరమ్మ వచ్చారు,” అని కుర్చీ లాగారు.

కూర్చోలేదు. నిలబడే చెప్పాను. దారిలో వరస కట్టుకున్న మాటలన్నీ పోయాయి. మీకు ఫోన్ గది అవసరమని తెలిసే పై తరగతికి పంపానండీ. నాలుగో గొంతు మా ఆయనది. మీతో అంతసేపు మాట్లాడుతున్నారని ఓర్వలేకపోయాను.

“నా మీదా?” అన్నారు పెద్దాయన. తన చేతులూ, చొక్కా ఓసారి చూసుకున్నారు. “నా దగ్గర ఏముందని అమ్మా?”

ఆయన నా మొహంలోకి చూస్తున్నారు. మెల్లిగా ఆ చూపు మారింది.

“అయితే ఆ మంచిగా ఉండే భార్యవి నువ్వేనా?”

అంతవరకూ మీరన్న మనిషి నువ్వన్నారు. “నేనేనండీ,” అన్నాను.

అప్పుడే ఒకావిడ చేతిసంచిలోంచి బిగుసుకుపోయిన తాళం ఒకటి తీసి కౌంటరు మీద పెట్టింది. పెద్దాయన చెయ్యి దాని మీదికి వెళ్ళిపోయింది. వెళ్ళాక గుర్తొచ్చినట్టు ఆగి, వెనక్కి వచ్చి, రెండో చేతిని వీపు వెనక పట్టుకుంది. అల్లుడు వచ్చి తాళం తీసుకుని లోపలికి వెళ్ళాడు. లోపల అతను దాన్ని ఎటు తిప్పుతున్నాడో, ఎక్కడ తప్పుతున్నాడో చప్పుడు బట్టి పెద్దాయనకి తెలుస్తూనే ఉంది. మెడ నరాలు అటే లాగుతున్నాయి.

“ఆర్నెల్లు,” అన్నారు. నాతో కాదు. తర్వాత నా వైపు తిరిగి, “అయితే నాకు వచ్చిందేనన్నమాట. బుర్రకెక్కకపోవడం కాదు.”

“వచ్చిందండీ. బాగా వచ్చింది. ఇంకో నాలుగు మంగళవారాలు మాట్లాడి ఉంటే...”

“ఆ మాట మా అల్లుడికి కూడా చెప్పి వెళ్ళు.”

“చెప్తానండీ.”

“క్షమించమని అడుగుతావేమో. అది మాత్రం ఇప్పుడు నా వల్ల కాదమ్మా.”

“సరేనండీ.”

ఆవిడ తాళం తీసుకుని వెళ్ళిపోయింది. నేను లోపలికి వెళ్ళి అల్లుడికి చెప్పవలసింది చెప్పాను. అతను ఇబ్బందిగా తల ఊపి మళ్ళీ మిషను వైపు తిరిగాడు. బయటికి వస్తుంటే పెద్దాయన తలుపు దగ్గర అడ్డంగా నిలబడి ఉన్నారు. తిట్టడానికేమో అనుకున్నాను. తిడితే బాగుండుననుకున్నాను.

ఆయన గొంతు తగ్గించారు. “నేను చెయ్యడం మానేశాక, ఆయన నా గురించి అడిగాడా?”

తప్పు ఒప్పుకోవడం కష్టమని దారంతా అనుకుంటూ వచ్చాను. అది పెద్ద కష్టమేం కాలేదు. అందులో నా గురించి నేను మాట్లాడుకోవడం ఉంది. ఇది వేరు. ఇంత జరిగాక కూడా నాలో ఏదో గుప్పిట బిగించింది. అడగలేదంటే ఆయన తల ఊపి లోపలికి వెళ్ళిపోతారు. కాదని చెప్పేవాళ్ళు అక్కడెవరూ లేరు.

“అడిగారు,” అన్నాను.

పెద్దాయన ఇంకా నా మొహమే చూస్తున్నారు.

“ప్రతి మంగళవారం అడిగారు.”